నాలుగు, ఆరు, ఎనిమిది ఓమ్‌ల స్పీకర్లను ఒకే రిసీవర్‌కు కలపవచ్చా?

పేరు ప్రచురించవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను. ఇంట్లో హోమ్ థియేటర్‌ను ఆవిడే స్వయంగా అమర్చుకున్నారు. స్పీకర్లన్నిటినీ నడిపే ఏవీ రిసీవర్, తెర దగ్గర మధ్యలో 8 ఓమ్‌ల సెంటర్ స్పీకర్, పాత సెట్‌తో వచ్చిన, పక్కల నుంచి పలికే 6 ఓమ్‌ల సరౌండ్ జత, మంద్రధ్వనుల కోసం సొంత ప్లగ్గుతో నడిచే సబ్‌ఊఫర్. (విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డును ఓమ్‌లలో కొలుస్తారు.) వీటితో చాలాకాలం ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత నాన్నగారి స్టీరియో యాంప్లిఫయర్ పాడైంది. ఆయన ఎంతో ఇష్టంగా కాపాడుకుంటున్న రెండు పెద్ద స్పీకర్లు మూలన పడకూడదని వాటిని తెచ్చి ముందు వరుసలో పెట్టారు. వాటి వెనుక రేకు మీద 4 ఓమ్‌లు అని ఉంది. వెనుక కుర్చీల వారికి సరౌండ్ ధ్వని అందడం లేదని మరో జత చిన్న స్పీకర్లు కొన్నారు. ఇవి 8 ఓమ్‌లవి. వీటి తీగలను సరౌండ్ టెర్మినళ్లలోనే, పాత జత తీగలతో కలిపి బిగించారు.

ఒక రాత్రి ఇంటిల్లిపాదీ సినిమా చూస్తుండగా, గంట గడిచాక, పెద్ద పోరాట సన్నివేశం మధ్యలో రిసీవర్ ‘టక్’మని ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే కాసేపు పనిచేసి మళ్లీ ఆగింది. “వేర్వేరు ఓమ్‌ల స్పీకర్లు కలపకూడదని చెబితే విన్నావా అక్కా, రిసీవర్ కాలిపోతుంది” అని తమ్ముడు కోప్పడ్డాడు. నాన్నగారు నొచ్చుకుని, “నా పాత పెట్టెల వల్లే కదమ్మా ఇదంతా, తీసెయ్” అన్నారట. అప్పటినుంచి ఆయన ఆ గదిలో కూర్చోవడం మానేశారు. తెలిసిన మెకానిక్ ఒకరు ముందు స్పీకర్లకు చెరో 4 ఓమ్‌ల రెసిస్టర్ (విద్యుత్తుకు అడ్డుపడే చిన్న భాగం) వరుసగా తగిలిస్తే ఎనిమిది అవుతుంది, సమస్య పోతుందన్నారు. ఈవిడ మల్టీమీటర్ పెట్టి చూస్తే నాన్నగారి స్పీకర్ 3.3, సెంటర్ స్పీకర్ 6.1 చూపించడంతో రెండూ పాడైపోయాయేమోనని మరింత భయపడ్డారు. కొత్త అమరికలో సంభాషణలు సరిగ్గా వినపడటం లేదన్నది మరో ఫిర్యాదు. “నాన్నగారి స్పీకర్లు తీసేయాలా, రిసీవర్ మార్చాలా, లేక అన్నీ ఒకే ఓమ్‌లున్న కొత్త సెట్ కొనాలా?” అని అడుగుతున్నారు.

అమ్మా, ముందు ఆ మల్టీమీటర్ భయం తీసేస్తాను. మీ స్పీకర్లు రెండూ బాగానే ఉన్నాయి. మల్టీమీటర్ కొలిచేది ఏకముఖ విద్యుత్తుకు తీగచుట్ట చూపే నిరోధాన్ని. స్పీకర్ మీద రాసేది ఇంపిడెన్స్, అంటే మారుతూ ఉండే ధ్వని సంకేతానికి అది చూపే అడ్డు. మొదటిది ఎప్పుడూ రెండో దానికన్నా కొంత తక్కువే ఉంటుంది. 8 ఓమ్‌ల స్పీకర్ సాధారణంగా ఐదున్నర నుంచి ఏడు దాకా, 4 ఓమ్‌లది మూడు, మూడున్నర దరిదాపుల్లో చూపిస్తాయి. మీకు వచ్చిన అంకెలు అచ్చంగా ఉండవలసిన చోటే ఉన్నాయి. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. ఈ కొలత ఎప్పుడు తీసినా రిసీవర్ నుంచి తీగలు ఊడదీసిన తర్వాతే తీయాలి.

పెట్టె మీద రాసిన ఓమ్‌లు కూడా స్థిరమైన సంఖ్య కాదు. స్వరం మారితే ఇంపిడెన్స్ మారుతుంది. 8 ఓమ్‌లని రాసిన స్పీకర్, మంద్రస్థాయిలో ఒకచోట ఇరవై, ముప్పై ఓమ్‌లకు ఎగబాకుతుంది. మరోచోట ఆరున్నరకు దిగుతుంది. ప్రమాణాల ప్రకారం రాసిన సంఖ్యలో 80 శాతానికి తగ్గకూడదు. అంటే 8 ఓమ్‌లది 6.4 కంటే, 4 ఓమ్‌లది 3.2 కంటే దిగకూడదు. దీన్ని అన్ని స్పీకర్లూ పాటించవు, అది వేరే సంగతి. ఎనిమిది అని రాసి ఉన్న రెండు వేర్వేరు రకాల స్పీకర్లు కూడా అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ప్రవర్తించవు. అలాంటప్పుడు సెట్‌లోని స్పీకర్లన్నిటి మీదా ఒకే సంఖ్య ఉండి తీరాలని పట్టుబట్టడంలో అర్థం లేదు.

ఇప్పుడు మీ తమ్ముడి మాట. అతను చెప్పింది సగం సరైనది, సగం కాదు. మీ రిసీవర్‌లో ఒక్కో ఛానల్‌కు ఒక్కో యాంప్లిఫయర్ విడిగా ఉంటుంది. ఎడమ ముందు స్పీకర్‌ను నడిపేది ఒకటి, సెంటర్‌ను నడిపేది మరొకటి. సెంటర్‌కు 8 ఓమ్‌లు తగిలించారని ముందు ఛానల్‌కు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. వేర్వేరు ఛానళ్లలో వేర్వేరు ఓమ్‌ల స్పీకర్లు ఉన్నంత మాత్రాన ఏదీ కాలదు. అయితే ఆ యాంప్లిఫయర్లన్నీ ఒకే ట్యాంకుకు బిగించిన కుళాయిల్లాంటివి. విద్యుత్తు అందించే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే, వేడిని బయటికి పంపే లోహపు రెక్కల దిమ్మె కూడా చాలా రిసీవర్లలో ఒక్కటే. ఒక్కో ఛానల్ తన స్పీకర్‌ను మోయగలగాలి, అన్నీ కలిసి లాగేదాన్ని లోపలి సరఫరా తట్టుకోవాలి. చూసుకోవలసినవి ఈ రెండే.

తక్కువ ఓమ్‌ల స్పీకర్ ఎక్కువ విద్యుత్తు లాగుతుంది. యాంప్లిఫయర్ 20 వోల్టులు ఇస్తోందనుకోండి. 8 ఓమ్‌ల స్పీకర్ రెండున్నర ఆంపియర్లు తీసుకుని 50 వాట్లు వాడుకుంటుంది. అదే 4 ఓమ్‌లదైతే 5 ఆంపియర్లు, 100 వాట్లు. మీరు వాల్యూమ్ ముట్టుకోకపోయినా యాంప్లిఫయర్ లోపలి ట్రాన్సిస్టర్ల వేడి కూడా దాదాపు రెట్టింపు అవుతుంది. మీ రిసీవర్ వెనుక ‘6–16 ఓమ్‌లు’ అని, అంటే ఆరుకు తగ్గని స్పీకర్లే తగిలించమని, ముద్రించింది ఈ వేడిని దృష్టిలో పెట్టుకునే.

అందరూ నాన్నగారి స్పీకర్లనే అనుమానిస్తున్నారు కానీ, నేను ముందుగా చూసేది ఆ సరౌండ్ టెర్మినళ్లను. ఒకే టెర్మినల్‌కు రెండు స్పీకర్లు బిగించారంటే అవి సమాంతరంగా కలిసినట్టు. అప్పుడు ఓమ్‌లు కూడవు, తగ్గుతాయి. రెండు సంఖ్యలనూ గుణించి, వాటి మొత్తంతో భాగించాలి. ఆరును ఎనిమిదితో గుణిస్తే 48, మొత్తం 14. భాగిస్తే 3.4 వస్తుంది. మీ సరౌండ్ ఛానళ్లు రెండూ 3.4 ఓమ్‌ల బరువు మోస్తున్నాయి. ఇది నాన్నగారి 4 ఓమ్‌ల స్పీకర్ల కంటే ఎక్కువ భారం. స్పీకర్ల మీద 6, 8 అని భద్రమైన సంఖ్యలు కనిపిస్తున్నాయి కాబట్టి ఎవరికీ అటు అనుమానం పోలేదు. ముందు రెండు ఛానళ్లు నాలుగుతో, వెనుక రెండు మూడున్నర లోపుతో నడుస్తుంటే, అయిదింటిలో నాలుగు ఛానళ్లు వాటి పరిమితి దాటి పనిచేస్తున్నట్టు లెక్క.

దీనికి పరిష్కారం మీ ఉత్తరంలోనే ఉంది. రిసీవర్ వెనుక ‘సరౌండ్ బ్యాక్’ అని రాసిన రెండు జతల టెర్మినళ్లు ఖాళీగా ఉన్నాయని ఎక్కడో ఒక వాక్యం రాశారు. అంటే మీది ఏడు ఛానళ్ల రిసీవర్. కొత్తగా కొన్న 8 ఓమ్‌ల జతను పాత జత నుంచి విడదీసి ఆ ఖాళీ టెర్మినళ్లకు తగిలించండి. పాత 6 ఓమ్‌ల జత పక్కన, కొత్త జత వెనుక. ఇక ఒక్కో స్పీకర్‌కు ఒక్కో యాంప్లిఫయర్, రెండూ రిసీవర్ పరిమితి లోపలే. తర్వాత స్పీకర్ల మెనూలో సరౌండ్ బ్యాక్ స్పీకర్లు రెండు ఉన్నాయని చెప్పాలి. కొన్ని రిసీవర్లలో ఆ రెండు యాంప్లిఫయర్లను ఇంకో గదికో, ముందు స్పీకర్లకు అదనంగానో కేటాయించి ఉంచుతారు. అలా ఉంటే దాన్ని సరౌండ్ బ్యాక్‌కు మార్చాలి. ఆరు ధ్వనులతో వచ్చే 5.1 సినిమాకు వెనుక స్పీకర్లు మూగబోతే కంగారు పడకండి. డాల్బీ సరౌండ్ వంటి విస్తరణ పద్ధతిని రిమోట్‌తో ఎంచుకుంటే అవి కూడా పలుకుతాయి.

తీగలు మళ్లీ లాగడం కుదరదు, రెండు జతలూ ఒకే టెర్మినల్‌లో ఉండాలంటారా? అప్పుడు వాటిని వరుసగా, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలపవచ్చు. ఆరు, ఎనిమిది కలిసి 14 ఓమ్‌లు అవుతాయి. రిసీవర్‌కు ఏ ప్రమాదమూ ఉండదు. కానీ ధ్వని బాగా తగ్గుతుంది. ఒకే రకానివి కాని రెండు స్పీకర్లు వోల్టేజీని పంచుకునేటప్పుడు ఒకదాని ఎగుడుదిగుడు ఇంకొకదాని స్వరాన్ని మారుస్తుంది. కథలో మాటలు, పాటలు వినవలసిన స్పీకర్లకైతే నేను వద్దంటాను. వెనుక నుంచి వచ్చే వాన చప్పుడుకు, జనం సందడికి అయితే సర్దుకుపోవచ్చు.

ఇక నాన్నగారి స్పీకర్లు. వాటిని ఉంచుకోవడానికి మీకు దారులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో షరతు ఉంది. మొదటిది, వాటిని ఇదే రిసీవర్‌తో జాగ్రత్తగా నడపడం. మెనూలో ముందు స్పీకర్లను ‘లార్జ్’ నుంచి ‘స్మాల్’కు మార్చి, క్రాసోవర్‌ను, అంటే మంద్రధ్వనిని విడదీసే హద్దును, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. అంత పెద్ద స్పీకర్లను స్మాల్ అనడం నాన్నగారికి నచ్చకపోవచ్చు. ఆ మాట స్పీకర్ పరిమాణం గురించి కాదు. ఆ హద్దుకు దిగువ ధ్వనిని సబ్‌ఊఫర్‌కు పంపమని రిసీవర్‌కు ఇచ్చే ఆదేశం మాత్రమే. పేలుళ్లు, ఢంకాల వంటి మంద్రధ్వనులే అన్నిటికంటే ఎక్కువ విద్యుత్తు లాగుతాయి. ఆ పని సొంత యాంప్లిఫయర్ ఉన్న సబ్‌ఊఫర్‌కు వెళ్లిపోతే ముందు ఛానళ్లకు చాలా ఊరట. మామూలు స్థాయిలో వినే ఇంట్లో ఈ ఒక్క మార్పుతో 4 ఓమ్‌ల స్పీకర్లు ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా నడవడం అసాధారణమేమీ కాదు. అయినా రిసీవర్ తయారీదారు చెప్పిన పరిమితికి ఇది బయటే. బాగా గట్టిగా, గంటల కొద్దీ వినే అలవాటు మీ ఇంట్లో ఉంటే దీనిమీద ఆధారపడవద్దు. వాల్యూమ్ 3 డెసిబెల్స్ తగ్గించినా వాడే శక్తి సగమవుతుంది. చెవికి తెలిసే తేడా మాత్రం కొద్దిదే.

రెండో దారి, కొన్ని రిసీవర్లలో ఇంపిడెన్స్‌ను 4 ఓమ్‌లకో 6 ఓమ్‌లకో మార్చే ఏర్పాటు మెనూలో ఉంటుంది. మీ పుస్తకంలో చూడండి. అది సాధారణంగా లోపలి వోల్టేజీని తగ్గించి వేడిని అదుపులో ఉంచుతుంది. రిసీవర్ చల్లగా ఉంటుంది కానీ, గట్టి సన్నివేశాల్లో శక్తి త్వరగా అడుగంటి ధ్వని చిట్లుతుంది. అలా చిట్లిన ధ్వని, సన్నని స్వరాలు పలికే ట్వీటర్లకు మంచిది కాదు. తక్కువ స్థాయిలో వినేవారికి ఇది సరిపోతుంది, హాలు నిండేలా వినాలనుకునేవారికి సరిపోదు.

మూడో దారి, 4 ఓమ్‌లను మోయగలిగిన స్టీరియో పవర్ యాంప్లిఫయర్ ఒకటి తెచ్చి, నాన్నగారి స్పీకర్లకు మాత్రం దాన్ని వాడటం. దీనికి మీ రిసీవర్ వెనుక ముందు ఛానళ్ల సంకేతాన్ని బయటి యాంప్లిఫయర్‌కు పంపే ‘ప్రీ అవుట్’ రంధ్రాలు ఉండాలి. ఉంటే ఇదే అన్నిటికంటే నిశ్చింతైన దారి. రిసీవర్‌కు బరువు తగ్గుతుంది, ఆ స్పీకర్లు పలకవలసినట్టు పలుకుతాయి. ఖర్చుంది, ఇంకో పెట్టెకు చోటు కావాలి. లేదా ఆ స్పీకర్లను సినిమాల నుంచి తప్పించి, ఒక మంచి స్టీరియో యాంప్లిఫయర్‌తో నాన్నగారు పాటలు వినే చోట పెట్టి, హోమ్ థియేటర్‌కు ముందు మూడు స్పీకర్లూ ఒకే కుటుంబానివి కొనవచ్చు. తెర మీద పాత్ర ఎడమ నుంచి కుడికి నడుస్తూ మాట్లాడేటప్పుడు మధ్యలో గొంతు మారినట్టు వినిపించకుండా ఉండాలంటే ముందు మూడు స్పీకర్ల స్వరం కలవాలి. నన్నడిగితే, ఓమ్‌లు కలవడం కంటే ఇది ఎన్నో రెట్లు ముఖ్యం. మీ చెవికి ఇప్పుడా తేడా ఇబ్బందిగా లేకపోతే దీనికోసం తొందరపడనక్కరలేదు.

రెసిస్టర్ సలహా మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. 4 ఓమ్‌ల స్పీకర్‌కు 4 ఓమ్‌ల రెసిస్టర్ తగిలిస్తే సగం శక్తి వేడిగా మారి ఆ రెసిస్టర్‌లోనే పోతుంది. గట్టిగా మోగేటప్పుడు అది చేతితో ముట్టుకోలేనంత కాలుతుంది. అంతకంటే పెద్ద నష్టం స్వరానికి జరుగుతుంది. స్పీకర్ 4 ఓమ్‌లున్న స్వరాల దగ్గర ధ్వని 6 డెసిబెల్స్ పడిపోతుంది. అదే స్పీకర్ 20 ఓమ్‌లకు ఎగబాకిన చోట ఒకటిన్నర డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. ఆ స్పీకర్‌ను తయారుచేసినవారు ఎంతో శ్రమపడి సమం చేసిన ధ్వని నాలుగున్నర డెసిబెల్స్ మేరకు వంకరపోతుంది. నాన్నగారు వింటే ఇవి తన స్పీకర్లు కావంటారు.

సంభాషణలు వినపడకపోవడానికి కారణం మీరు రాసిన అంకెల్లోనే దొరికింది. నాన్నగారి స్పీకర్ మీద ‘1 వాట్, 1 మీటరు, 88 డెసిబెల్స్’ అని ఉందన్నారు. సెంటర్ స్పీకర్ పుస్తకంలో ‘2.83 వోల్టులు, 1 మీటరు, 87 డెసిబెల్స్’ అని ఉందన్నారు. అంత సంకేతం ఇస్తే మీటరు దూరంలో ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకెలివి. చూడటానికి తేడా ఒక్క డెసిబెలే. కానీ 2.83 వోల్టులు 8 ఓమ్‌ల స్పీకర్‌కు ఒక వాట్ అవుతుంది, 4 ఓమ్‌లదానికి రెండు వాట్లు. రెట్టింపు శక్తి అంటే 3 డెసిబెల్స్ అదనం. అంటే ఒకే సంకేతానికి నాన్నగారి స్పీకర్లు 91 దగ్గర, మీ సెంటర్ 87 దగ్గర పలుకుతున్నాయి. నాలుగు డెసిబెల్స్ తేడాకు మాటలు సంగీతం కింద మునిగిపోతాయి. స్పీకర్లు మార్చక ముందు మైకు పెట్టి చేసిన ఆటోమేటిక్ సెటప్‌నే ఇంకా వాడుతున్నారు కదా, అది పాత స్పీకర్ల లెక్క. తీగలన్నీ సరిచేశాక, మీరు కూర్చునే చోట చెవి ఎత్తులో మైకు నిలబెట్టి, ఫ్యాన్ ఆపి మళ్లీ చేయండి. ఛానళ్ల స్థాయిని రిసీవరే సరిచేస్తుంది. అయ్యాక మెనూలోకి వెళ్లి ముందు స్పీకర్లు మళ్లీ లార్జ్‌కు మారాయేమో చూసుకోండి, చాలాసార్లు మారతాయి. అప్పటికీ మాటలు పలచగా అనిపిస్తే సెంటర్‌ను ఒకటి రెండు డెసిబెల్స్ పెంచుకోవడం తప్పేమీ కాదు.

సినిమా మొదలైన గంటకు ఆగిపోయిందన్న మాట కూడా విలువైన ఆధారం. తీగలు ఒకదానికొకటి తగిలితే రిసీవర్ వెంటనే ఆగుతుంది. విద్యుత్తు మితిమీరితే ఏ పేలుడు దగ్గరో ఆగుతుంది. గంటసేపు బాగా పనిచేసి ఆగి, ఆన్ చేసినా కాసేపటికే మళ్లీ ఆగిందంటే వేడి పాత్ర తప్పకుండా ఉంది. మీ రిసీవర్ ఉన్నది గాజు తలుపు మూసిన అల్మరాలో కదా, అక్కడ ఆ వేడి ఎటు పోతుంది? రిసీవర్‌ను బయటికి తీయండి. కుదరకపోతే తలుపు తెరిచి ఉంచి, పైన కనీసం జానెడు ఖాళీ వదలండి. దాని మీద సెట్‌టాప్ బాక్స్ వంటివి పెట్టవద్దు. ఆ ‘టక్’ చప్పుడు మిమ్మల్ని భయపెట్టింది కానీ, అది రిసీవర్ తనను తాను కాపాడుకునేందుకు స్పీకర్ల లంకెను తెంపుకున్న చప్పుడు. కాలిపోకుండా ఆగింది. పదేపదే అలా ఆగే దాకా నడపడం మాత్రం మంచిది కాదు.

తీగల విషయం క్లుప్తంగా చెబుతాను. 4 ఓమ్‌ల స్పీకర్లకు తీగ కాస్త మందంగా ఉండాలి. పది మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ రానూపోనూ 0.23 ఓమ్‌ల నిరోధం చూపుతుంది, అంటే నాలుగులో దాదాపు 6 శాతం. 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే మూడున్నర శాతానికి తగ్గుతుంది. అయిదు శాతం లోపు ఉంటే మేలు. రెండు మూడు మీటర్లకైతే మీ దగ్గరున్నదే చాలు. పాత స్పీకర్లు కాబట్టి ముందరి గుడ్డ తీసి, మంద్రధ్వనిని పలికే పెద్ద గరాటు (ఊఫర్) అంచున ఉండే మెత్తని పట్టీని వేలితో సుతారంగా తాకి చూడండి. కొన్ని పాత స్పీకర్లలో అది ఫోమ్‌తో చేసినదై పొడిపొడిగా రాలుతుంది. రాలుతుంటే పట్టీ మాత్రం మార్చేవారుంటారు, స్పీకర్ పారేయనక్కరలేదు.

మీ నాన్నగారితో మాట్లాడటాన్ని ఇవన్నీ అయ్యేదాకా వాయిదా వేయకండి. తన వస్తువు వల్ల పిల్లల ఇంట్లో నష్టం జరిగిందన్న భావంతో ఆయన పక్కకు తప్పుకున్నారు. 3.4 ఎలా వచ్చిందో ఆయనకు కాగితం మీద వేసి చూపించండి. స్పీకర్ల గురించి అంత శ్రద్ధ ఉన్న మనిషికి ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది. తమ్ముడిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. పరిమితికి దిగువన ఉన్న స్పీకర్లతో ఇబ్బంది ఉంటుందన్న అతని భయం నిజమైనదే. ఆ మాట ఒప్పుకున్నాక, ఛానళ్లు వేర్వేరన్న సంగతి చెబితే వింటాడు. గెలుపు ఓటముల లెక్క మీ ఇద్దరి మధ్య పెట్టుకోవద్దు.

పరీక్ష ఒక్కో మెట్టుగా చేయండి, అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ముందు రిసీవర్ ప్లగ్గు తీసి, టెర్మినళ్లన్నీ చూడండి. మెలిపెట్టిన తీగలోంచి వెంట్రుకంత సన్నని పోగు ఒకటి పక్క టెర్మినల్‌ను తాకుతున్నా చాలు, రిసీవర్ ఆగిపోవడానికి. ఒకే రంధ్రంలో రెండేసి తీగలు దూర్చినచోట ఇది మరీ సులువుగా జరుగుతుంది. తర్వాత కొత్త సరౌండ్ జతను పూర్తిగా విడదీసి, రిసీవర్‌ను గాలి తగిలే చోట ఉంచి, అదే సినిమాను మొదటి నుంచి అదే వాల్యూమ్‌లో చూడండి. ఆగకపోతే కొత్త జతను సరౌండ్ బ్యాక్‌కు తగిలించి, స్మాల్, 80 హెర్ట్జ్ మార్పు చేసి మళ్లీ చూడండి. కొత్త జత లేకుండా కూడా ఆగితే, నాన్నగారి స్పీకర్ల తీగలు తాత్కాలికంగా తీసి, మెనూలో సెటప్ మార్చకుండానే మిగతావాటితో అదే సన్నివేశం నడపండి. ఇప్పుడు ఆగకపోతే ఆ స్పీకర్లకు విడి యాంప్లిఫయర్ గురించి ఆలోచించే సమయం వచ్చినట్టు. 6, 8 ఓమ్‌ల స్పీకర్లు మాత్రమే ఉండి, గాలి బాగా తగులుతూ కూడా రిసీవర్ ఆగుతూ ఉంటే లోపం స్పీకర్లలో లేదు. ఏదో ఒక ఛానల్ యాంప్లిఫయర్ దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు ఇంకేమీ ప్రయత్నించకుండా రిసీవర్‌ను సర్వీసు కేంద్రానికి చూపించండి. ఏ పరీక్షలో, ఎంతసేపటికి ఆగిందో రాసిన కాగితం కూడా వారికి ఇవ్వండి.